లక్ష్మణుడి పేరు మోసిన నౌకాసేనానులు

మలేషియా, ఇండోనేషియా, బ్రూనై దేశాల నౌకాదళాల్లో ఉన్నత సేనానుల హోదాకు 'లక్సమాన' అని పేరు. మలేషియాలో ఒక నక్షత్రం ధరించే అధికారి లక్సమాన పెర్తామా, రెండు నక్షత్రాలవాడు లక్సమాన ముడా, మూడు నక్షత్రాలవాడు లక్సమాన మద్యా. నాలుగు నక్షత్రాలకు చేరుకున్నవాడు ఏ విశేషణమూ అక్కరలేని లక్సమాన. అంతకు మించిన ఐదు నక్షత్రాల హోదాను మలేషియాలో లక్సమాన అర్మాడా అనీ, ఇండోనేషియాలో లక్సమాన బెసార్ అనీ పిలుస్తారు. ఈ బిరుదు రామాయణంలోని లక్ష్మణుడి పేరు నుంచి వచ్చిందన్నది భాషా చరిత్రకారులు చాలాకాలంగా అంగీకరిస్తున్న విషయమే కాబట్టి, దాన్ని ఒక వింతగా చెప్పి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. ఒక రాజ్యపు సముద్రసేనకు నాయకుడైనవాడికి రాముడి పేరో అర్జునుడి పేరో కాక, సింహాసనం ఎన్నడూ ఎక్కని తమ్ముడి పేరు దక్కింది. రాజుకు అంత చేరువలో, అంత ఆయుధబలంతో నిలబడినవాడు ఎంతవరకు విధేయుడై ఉండాలి అన్న ప్రశ్న ఆ పదవి చరిత్ర పొడుగునా వెంటాడుతూ వచ్చింది. నాకు ఈ బిరుదు మీద ఆసక్తి కలిగింది ఆ ప్రశ్న వల్లనే.

పదిహేనవ శతాబ్దంలో, నేటి మలేషియా తీరాన ఉన్న మలక్కా సుల్తానుల కొలువులో సుల్తాను తరువాతి స్థానం బెండహారాది, అతడే ప్రధానమంత్రి. నగర రక్షణ, నేర విచారణ తెమెంగ్గుంగ్ చూసేవాడు. రేవుల్లోకి వచ్చే విదేశీ ఓడలనూ, వర్తకులనూ, సుంకాలనూ షాబందర్ చూసుకునేవాడు. సముద్రం మీది యుద్ధనౌకలు, వాటిలోని యోధులు లక్సమాన ఆజ్ఞలో ఉండేవారు. మలక్కా పతనమైన తొలి సంవత్సరాల్లో అక్కడ నివసించిన పోర్చుగీసు వర్తకాధికారి తోమె పిరెస్ కూడా తన వివరణలో ఈ పదవిని సముద్ర సేనానిగానే పరిచయం చేశాడు. మలక్కా బలమంతా ఇరుకైన జలసంధిలో సాగే ఓడల రాకపోకల మీద ఆధారపడినది కాబట్టి, లక్సమాన చేతిలో ఉన్నది రాజ్యానికి ప్రాణాధారమే అనాలి. ఆ నౌకలకు తెడ్లు వేసినవారిలో, దొంగదారులూ ఇసుక తిప్పలూ తెలిసిన దారి చూపరులలో ఎక్కువమంది 'ఒరాంగ్ లావుత్' అనే సముద్ర సంచార జనం. పడవల్లోనే పుట్టి పడవల్లోనే బతికే ఆ కుటుంబాలు జీతానికి గాక, సుల్తాను వంశం మీది భక్తితో పనిచేసేవి. ఆ భక్తి తెగిన నాడు ఏం జరిగిందో కాస్త ముందుకు వెళ్లి చెబుతాను.

సుల్తానులు ఇస్లాం స్వీకరించినా ఈ పేరు మారలేదు. మలయ్ ప్రజలు రామకథను 'హికాయత్ సెరి రామ'గా తమ భాషలో చెప్పుకున్నారు. దాని రాతప్రతి ఒకటి 1633 నాటికే ఇంగ్లండు చేరి, ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. బెండహారా, మెంతెరి వంటి ఇతర పదవుల పేర్లు కూడా సంస్కృతం నుంచి వచ్చినవే, అయితే అవి చేసే పనిని చెప్పే మాటలు: ఒకటి భాండాగారం, ఒకటి మంత్రి. లక్సమాన మాత్రం ఒక మనిషి పేరు. పర్ణశాల బయట విల్లు పట్టుకొని పద్నాలుగేళ్లు నిద్ర మానుకున్నవాడిగా మన స్త్రీల పాటల్లో కనిపించే ఆ మరిదిని ఎరిగినవారికి, రాజుకు కావలి కాసే సేనానికి ఈ పేరు ఎంత అతికినట్టు ఉందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ బిరుదు ధరించినవారిలో అందరికంటే ప్రసిద్ధుడు హాంగ్ తువా. 1459 నుంచి 1477 వరకు మలక్కాను ఏలిన సుల్తాన్ మన్సూర్ షా కొలువులో అతడు లక్సమాన అని మలయ్ రాజవంశాల చరిత్ర 'సెజారా మెలాయు' చెబుతుంది. అతడి పేరనే వెలసిన గద్యకావ్యం 'హికాయత్ హాంగ్ తువా'లో, పదవి వచ్చిన తరువాత కథకుడు అతణ్ణి పేరుతో పిలవడమే దాదాపు మానేసి, ప్రతి పేజీలోనూ 'లక్సమాన' అనే అంటాడు. ఈ రెండు గ్రంథాలనూ యునెస్కో 2001లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

హికాయత్‌లోని ప్రధాన ఘట్టం క్లుప్తంగా ఇది. అసూయాపరులు చాడీలు చెప్పగా, విచారణ లేకుండానే సుల్తాను హాంగ్ తువాకు మరణశిక్ష వేస్తాడు. బెండహారా అతణ్ణి చంపించకుండా రహస్యంగా దాచిపెడతాడు. మిత్రుడు చనిపోయాడనుకొన్న హాంగ్ జెబాత్ తిరగబడి, రాజభవనాన్నే ఆక్రమించి కూర్చుంటాడు. సుల్తాను తన ఇల్లు వదిలి పోవలసి వస్తుంది. జెబాత్‌ను ఎదిరించగల మనిషి మరొకడు లేడని తెలిశాక సుల్తాను పశ్చాత్తాపపడతాడు, బెండహారా అప్పుడు నిజం చెబుతాడు. దాక్కున్న చోటు నుంచి వచ్చిన హాంగ్ తువా, తనకోసం తిరగబడిన మిత్రుణ్ణే ద్వంద్వయుద్ధంలో పొడుస్తాడు. జెబాత్ గాయానికి గుడ్డ బిగించి కట్టుకొని, వీధుల్లో పడి కనిపించినవారినల్లా నరికి, చివరికి హాంగ్ తువా దగ్గరికే వచ్చి ప్రాణం విడుస్తాడు. సెజారా మెలాయులో ఇదే కథ ఉన్నా, తిరగబడేవాడు హాంగ్ కస్తూరి అనే మరో మిత్రుడు.

శతాబ్దాల పాటు శ్రోతలకు హాంగ్ తువా ఆదర్శ సేవకుడు. మలయా స్వతంత్రమైన కాలంలో మాత్రం రచయితలు, నాటకకర్తలు జెబాత్ పక్షాన నిలిచి, అన్యాయమైన ఆజ్ఞను ప్రశ్నించినవాడే వీరుడని వాదించారు. ఆ వాదం అక్కడి బడిపిల్లల వ్యాసాల దాకా వెళ్లింది, ఇంకా సాగుతూనే ఉంది. నా మట్టుకు నాకు హికాయత్ చెప్పిన కవి హాంగ్ తువాను పొగుడుతూనే జెబాత్ మీద జాలిని ఎక్కడా దాచలేదనిపిస్తుంది; గాయానికి కట్టు కట్టుకున్న ఆ చేతులను అంత శ్రద్ధగా చూపిన రచయిత అతణ్ణి ఉత్త ద్రోహిగా తలచి ఉండడు.

తెలుగువారికి ఆసక్తి కలిగించే భాగం ఒకటి అదే కావ్యంలో ఉంది. మలక్కా సుల్తాను దూతగా లక్సమాన సముద్రం దాటి 'బెనువా కెలింగ్'కు, అంటే దక్షిణ భారతానికి, వస్తాడు. అక్కడ అతణ్ణి ఆదరించే రాజు 'బిజయ నగరం' ఏలిక 'కిస్నా రాయన్'. 1509లో పట్టాభిషిక్తుడైన శ్రీకృష్ణదేవరాయల స్మృతి మలయ్ కథకుల దాకా చేరిందని పండితులు దీన్ని చూసి గుర్తించారు. మన్సూర్ షా నాటి సేనాని రాయల కొలువులో కనిపించడం కాలలెక్కకు పొసగదు గానీ, ఆ కథ చెప్పినవాడికి కావలసింది తన వీరుడు లోకంలోని గొప్ప ప్రభువులందరి ముందూ నిలబడడం. (కళింగ నుంచి పుట్టిన ఆ 'కెలింగ్' అనే పదం నేటి మలేషియాలో భారత సంతతివారిని అవమానించే మాటగా మారింది, పాత గ్రంథం గురించి చెప్పేటప్పుడు తప్ప దాన్ని వాడకూడదు.)

1511లో అఫోన్సో డి అల్బుకెర్క్ మలక్కాను పట్టుకున్నాక సుల్తాను వంశం బింతాన్ దీవికీ, ఆపైన జొహోర్‌కూ తరలిపోయింది. బింతాన్ నుంచి పోర్చుగీసులతో ఏళ్ల తరబడి పోరాడిన లక్సమాన హాంగ్ నదీమ్. ఇప్పుడు బాతాం దీవిలోని విమానాశ్రయం అతడి పేరుతోనే ఉంది. జొహోర్ కాలంలో ఈ పదవి ఎంత బలపడిందంటే, పదిహేడవ శతాబ్దంలో లక్సమాన తున్ అబ్దుల్ జమీల్ కొంతకాలం రాజ్యాన్ని తానే నడిపి, చివరికి 1688లో ప్రత్యర్థుల చేతిలో కూలిపోయాడు.

ఆ తరువాత పదకొండేళ్లకు జొహోర్‌లోని కోట తింగ్గిలో జరిగిన సంఘటన మలయ్ జనం ఇప్పటికీ మరవనిది. 1699లో సుల్తాన్ మహమూద్ షా శుక్రవారపు నమాజుకు పల్లకిలో వెళుతుండగా హత్యకు గురయ్యాడు. చంపినవాడు లక్సమాన బింతాన్‌గా పేరొందిన మెగత్ సెరి రామ అని అక్కడి ఐతిహ్యం. సేనాని యుద్ధంలో ఉండగా అతడి నిండు గర్భిణి భార్య, రాజు తోటలోని పనస తొన ఒకటి తిన్నదట. సుల్తానుకు ఆ కబురు తెలిసింది. కడుపులోని బిడ్డ కోరికే తనచేత తినిపించిందని ఆమె చెప్పుకోగా, ఆ మాట నిజమో కాదో చూస్తానని సుల్తాను ఆమె కడుపు చీరించాడట. లక్సమాన తిరిగి వచ్చి పల్లకిలోని రాజును పొడిచాడు. రక్తం ఓడుతున్న సుల్తాను కూడా తన కత్తి విసిరి అతణ్ణి పడగొట్టాడంటారు. భుజాల మీద మోయబడుతూ మరణించినవాడు కాబట్టి ఆ సుల్తానును జనం 'మాంగ్‌కత్ దిజులాంగ్' అని పిలుచుకుంటారు. రాముడి పేరూ లక్ష్మణుడి పేరూ ఒక్కడిలోనే కలిసి ఉన్న మనిషి చేతిలో ఒక రాజు చావడం కంటే ఈ బిరుదుకు ఎదురైన పెద్ద పరీక్ష మరొకటి లేదు. పనస తొన సంగతి ఐతిహ్యమే కావచ్చు, హత్య మాత్రం చరిత్ర. మలక్కా రాజవంశం దానితో ఆగిపోయింది. బెండహారా కుటుంబం సింహాసనం ఎక్కింది గానీ, ఆ వంశాన్నే నమ్ముకున్న ఒరాంగ్ లావుత్ జనం కొత్త ప్రభువును మనసారా అంగీకరించలేదు. 1718లో తాను చనిపోయిన సుల్తాను కొడుకునని చెప్పుకుంటూ రాజా కెచిల్ దండెత్తి వచ్చినప్పుడు వారిలో చాలామంది అతడి వైపే మొగ్గారు. అతడే తరువాత సుమత్రా తీరాన సియాక్ రాజ్యం స్థాపించాడు. ఆ సియాక్ సుల్తానుల నౌకాధిపతి 'లక్సమాన రాజా ది లావుత్', అంటే సముద్రంలో రాజైన లక్సమాన, నివసించిన ఇల్లు బెంకాలిస్ ప్రాంతంలోని బుకిత్ బతులో ఇంకా నిలిచి ఉంది.

సుమత్రా ఉత్తర కొసన ఆచే రాజ్యంలో ఈ పదవిని ఒక స్త్రీ నిర్వహించింది. ఆమె కెవుమలహయతి, లోకం మలహయతి అని పిలుస్తుంది. పోర్చుగీసులతో జరిగిన పోరులో భర్తను పోగొట్టుకున్న ఆమె, తనలాంటి వితంతువులతో 'ఇనోంగ్ బలీ' అనే దళం నిర్మించి, క్రుయెంగ్ రాయా అఖాతం పక్కన కోట కట్టించిందని ఆచే సంప్రదాయం. తూర్పు దీవులకు తొలి డచ్చి నౌకాయాత్ర నడిపిన కోర్నెలిస్ డి హౌట్‌మన్ 1599లో ఆచే రేవులో తన ఓడ మీదే హతుడయ్యాడు. చంపింది మలహయతి అని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. బందీగా చిక్కిన అతడి తమ్ముడు ఫ్రెడరిక్, చెరలో ఉంటూ మలయ్ నేర్చుకొని 1603లో మలయ్ నిఘంటువు ప్రచురించాడు, దానికి అనుబంధంగా దక్షిణాకాశపు నక్షత్రాల పట్టికనూ చేర్చాడు. ఇండోనేషియా ప్రభుత్వం మలహయతిని జాతీయ వీరనారిగా ప్రకటించింది 2017లో. అంత ఆలస్యం జరగవలసింది కాదని నా అభిప్రాయం. అంతకు చాలా ముందే ఆ దేశపు యుద్ధనౌక ఒకదానికి ఆమె పేరు పెట్టారు.

మలేషియాలోని పేరాక్ రాజ్యంలో లక్సమాన నేటికీ సుల్తాను కొలువులోని ఎనిమిదిమంది పెద్దల్లో ఒకడు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ పదవిలో ఉన్న ముహమ్మద్ అమీన్ పేరాక్ నది దిగువన దురియన్ సెబతాంగ్‌లో ఉండేవాడు. 1875 నవంబరు 2న మొదటి బ్రిటిష్ రెసిడెంట్ బిర్చ్‌ను పసిర్ సలక్ వద్ద నదిలోని స్నానపు గదిలో పొడిచి చంపారు. ఆ హత్యకు నాయకత్వం వహించిన పేరాక్ పెద్ద మహారాజా లేలాను ఉరితీశారు. కుట్రలో భాగముందని సుల్తాన్ అబ్దుల్లాను, మంత్రిని, షాబందర్‌ను, వారితోపాటు లక్సమాన ముహమ్మద్ అమీన్‌ను 1877లో హిందూ మహాసముద్రంలోని సెషెల్స్ దీవులకు ప్రవాసం పంపారు. ఆ దిగువ పేరాక్ ప్రాంతానికే, బగాన్ డాతో చుట్టుపక్కల కొబ్బరి తోటలకు, తరువాతి దశాబ్దాల్లో తెలుగు కూలీల కుటుంబాలు ఓడలెక్కి వెళ్లాయి. వారి సంతతి ఇంకా అక్కడ ఉంది.

బ్రిటిషువారు దేశం దాటించిన ఆ పేరు మళ్లీ సముద్రం మీదికి వచ్చిన తీరు నాకు ఎంతో నచ్చుతుంది. ఇరాక్ కోసం ఇటలీలో కట్టిన నాలుగు చిన్న యుద్ధనౌకలు, యుద్ధాలూ ఆంక్షలూ అడ్డుపడి అక్కడే నిలిచిపోయాయి. మలేషియా వాటిని కొని 1997లో రెండింటిని, 1999లో రెండింటిని తన నౌకాదళంలో చేర్చుకొని, ఆ తరగతికే లక్సమాన అని పేరు పెట్టింది. ఒకటి లక్సమాన హాంగ్ నదీమ్, ఒకటి లక్సమాన తున్ అబ్దుల్ జమీల్, ఒకటి లక్సమాన ముహమ్మద్ అమీన్, మరొకటి లక్సమాన తన్ పుస్మా.

ఈ బిరుదు ఇవాళ మలయ్‌లోనూ ఇండోనేషియన్‌లోనూ ఏ దేశపు నౌకాసేనానికైనా వర్తిస్తుంది. పదిహేనవ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో మలక్కాకు వచ్చిన చైనా నావికుడు జెంగ్ హె అక్కడివారికి లక్సమాన చెంగ్ హో. ఇండోనేషియా స్వాతంత్ర్య ప్రకటన పాఠాన్ని 1945 ఆగస్టు 16 రాత్రి ఏ జపాను సేనాని ఇంట్లో కూర్చొని రాశారో, ఆ తదాషి మయేదా పాఠ్యపుస్తకాల్లో లక్సమాన మయేదా. 1960లలో ఇండోనేషియా వాయుసేనాధిపతులు సైతం 'లక్సమాన ఉదారా'లే. తరువాత దాని స్థానంలో 'మర్సెకల్' అనే హోదా వచ్చింది. మలేషియాలో తీరరక్షణ కోసం ఈ శతాబ్దంలో ఏర్పడిన సంస్థ మాత్రం సొంత హోదాలు వెతుక్కోవలసి వచ్చినప్పుడు, పాత బిరుదునే తీసుకొని తన ఉన్నతాధికారులను 'లక్సమాన మారిటిమ్' అని పిలుచుకుంటోంది.