మందులకు లొంగని జ్వరం

పోయిన వానాకాలంలో నాకొచ్చిన జబ్బు పేరు చెబితే ఎవరూ పెద్దగా కంగారుపడరు. యూరిన్ ఇన్ఫెక్షన్. ఆడవాళ్లలో సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. నాకు కూడా ఇదివరకు వచ్చింది, మాత్రలు వేసుకుంటే తగ్గిపోయింది. ఈసారి మాత్రం కిడ్నీ దాకా పాకి, రక్తంలోకి ఎక్కి, నన్ను ఐసీయూలో పడేసింది. కోలుకున్నాక ఎందుకిలా అయిందని తెలుసుకుంటూ పోతే ఆసుపత్రి బిల్లు దగ్గర మొదలై మా ప్రాంతపు వాగుల దాకా వెళ్లాల్సి వచ్చింది. మందులు తయారుచేసేవాళ్లూ, రాసేవాళ్లూ, అమ్మేవాళ్లూ కొన్ని చిన్న పనులు సరిగ్గా చేస్తే నాలాంటి వాళ్లు అంత దూరం వెళ్లరని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మేం హైదరాబాద్ శివార్లలోని బీరంగూడలో ఉంటాం. నేను స్కూల్ టీచర్ని. మావారు బొల్లారం వైపు మందుల ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తారు.

మొదట మూత్రానికి వెళ్తే మంట, తర్వాత నడుముకి కుడిపక్కన పోటు. ఆ రాత్రి ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి వెళ్తే మూత్రపరీక్ష చేసి, ఇన్ఫెక్షన్ ఉందని సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు రాశారు. తగ్గలేదు. అడ్మిట్ చేసుకుని సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. జ్వరం పొద్దున దిగేది, చీకటి పడేసరికి మళ్లీ ఎక్కేది.

"కల్చర్ పంపించారా సార్?" అని మావారు అడిగారు.

"దాని రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుందండీ. ఆలోపు మేడమ్ గారు ఇంటికి వెళ్లిపోతారు" అన్నారు డాక్టరు గారు.

ఆయన చెడ్డవారు కాదు. ఓపిగ్గా మాట్లాడతారు, రాత్రి ఫోన్ చేసినా ఎత్తుతారు. కానీ మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకి చస్తుందో చెప్పే ఈ కల్చర్ పరీక్ష కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. అది చేయకుండానే ఇంకో యాంటీబయాటిక్ కలిపారు. "ఇది ఇంకా పవర్‌ఫుల్" అన్నారు. మందులన్నీ వాళ్ల ఫార్మసీలోనే కొనాలి, బయటివి అనుమతించరు. మర్నాటికి నా బీపీ పడిపోయింది, కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు.

వెళ్లేటప్పుడు ఇచ్చిన కాగితం అరపేజీ. అందులో "యాంటీబయాటిక్స్ ఇచ్చాం" అని ఉంది తప్ప ఏవి, ఎంత, ఎప్పటి నుంచి అన్నది లేదు. కేస్ షీట్ కాపీ అడిగితే రేపు రమ్మన్నారు. పేషెంటు అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. ఆ టెన్షన్‌లో నిబంధనలు ఎవరికి గుర్తుంటాయి? మావారు అలవాటు కొద్దీ వయల్స్ (ఇంజెక్షన్ మందు సీసాలు) మీది లేబుళ్లు ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకున్నారు. రెండో ఆసుపత్రికి నా వైద్యం గురించి తెలిసింది ఆ ఫొటోల ద్వారానే.

ఆ రెండో చోట నాకు బాగా గుర్తుండిపోయిన విషయం ఒకటుంది. కొత్త ఇంజెక్షన్ ఎక్కించే ముందు నర్సు వచ్చి, "అమ్మా, రెండు చేతుల నుంచీ రక్తం తీయాలి, కాస్త ఓర్చుకోండి" అంది. చర్మాన్ని రుద్ది తుడిచి, ఆరేదాకా ఆగి, సూది గుచ్చింది. రక్తం చిన్న సీసాల్లోకి వెళ్లింది. ఒక్కో సీసా మీద నా పేరు, టైము, ఏ చేయి అన్నది రాసింది. మూత్రం కూడా తీసుకుంది. అవి ల్యాబ్‌కి బయల్దేరిన వెంటనే మెరోపెనెమ్ మొదలుపెట్టారు. నా పరిస్థితిలో ఆలస్యం చేయకూడదు, నిజమే. కానీ శాంపిల్స్ తీయడానికి పట్టింది కొద్ది నిమిషాలే.

రిపోర్టు వచ్చేసరికి నేను ఐసీయూ నుంచి వార్డుకి వచ్చాను. ఈ-కోలై బ్యాక్టీరియా. కింద మందుల పేర్లు వరసగా, ఒక్కోదాని పక్కన ఒక అక్షరం. ‘ఎస్’ అంటే పనిచేస్తుంది, ‘ఆర్’ అంటే పనిచేయదు. ఆంపిసిలిన్ ఆర్. సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్. సెఫిక్సిమ్ ఆర్. సెఫ్ట్రియాక్సోన్ ఆర్. నర్సింగ్ హోమ్‌లో నా ఒంట్లోకి ఎక్కించినవి దాదాపు అన్నీ ఆ వరసలోనే ఉన్నాయి. అమికాసిన్, ఎర్టాపెనెమ్, మెరోపెనెమ్ దగ్గర మాత్రం ఎస్ కనిపించింది. మావారు వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుతూ మధ్యలో ఆగిపోయారు. "ఇందులో కొన్ని మా దగ్గరే తయారవుతాయి" అన్నారు.

నాకున్నది ఈఎస్‌బీఎల్ రకం బ్యాక్టీరియా అని ఫిజీషియన్ వివరించారు. మందు తన పని మొదలుపెట్టకముందే దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్‌ను అది తయారుచేసుకుంటుందట. ఇలా మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదే ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. నేను ఆ లెక్కలో చేరకుండా బయటపడ్డాను.

ఆ ఆసుపత్రిలో ఒక క్లినికల్ ఫార్మసిస్టు ఫైలు పట్టుకుని వచ్చి, ఖరీదైన యాంటీబయాటిక్ ఇంకా అవసరమా, ఎన్నాళ్లు, ఎందుకు అని డాక్టర్లను అడిగేవాడు. కుర్రవాడే, కానీ పెద్ద డాక్టర్లు కూడా జవాబిచ్చేవారు. రిపోర్టు చూశాక రోజుకి మూడుసార్లు ఎక్కించే మెరోపెనెమ్ ఆపి, రోజుకొక్కసారి సరిపోయే ఎర్టాపెనెమ్‌కి మార్చారు. మిగతా కోర్సు ఇంటి దగ్గర చేయించుకోమని పంపించేశారు. నన్ను ఇంకొన్నాళ్లు ఉంచుకుంటే ఆసుపత్రికి ఆదాయమే, ఇన్సూరెన్స్ కూడా ఉంది. అయినా ఉంచుకోలేదు. వ్యాపారంలో బాధ్యత అంటే ఎలా ఉంటుందో నేను మొదటిసారి అంత దగ్గరగా చూశాను.

అలాగని వాళ్ల బిల్లులో అంతా సవ్యంగా లేదు. మెరోపెనెమ్ వయల్‌కి పెట్టె మీది ఎమ్మార్పీ మొత్తం వేశారు. అదే మందు మరో కంపెనీది బయట హోల్‌సేల్ షాపులో అందులో సగానికి తక్కువే. చట్టం ప్రకారం తప్పు కాదు. 2018లో మందుల ధరలు నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలిస్తే కొన్ని వస్తువుల మీద మార్జిన్ 1,700 శాతం దాటింది. ఎక్కువ ఎమ్మార్పీ వేయించుకుని, తక్కువకి కొని, బయట కొనుక్కునే వీలులేని పేషెంటుకి అమ్మడం. సొంత ఫార్మసీలోనే కొనమని బలవంతం చేసే విషయంలో ఏం చేయాలో రాష్ట్రాలే నిర్ణయించుకోవాలని సుప్రీంకోర్టు 2025 మార్చిలో చెప్పింది. యాంటీబయాటిక్స్ దగ్గర ఇది డబ్బుతో ఆగదు. లాభం వయల్‌లో ఉన్నప్పుడు, ఆ వయల్ ఆపాలా వద్దా అని నిర్ణయించే డాక్టరు మీద కనపడని ఒత్తిడి ఉంటుంది. డాక్టర్లకు కానుకలు, టూర్లు ఇవ్వకూడదని 2024 మార్చిలో కేంద్రం మందుల కంపెనీలకు కొత్త నియమావళి తెచ్చింది. ఫిర్యాదులు విచారించే పని మాత్రం ఆ కంపెనీల సంఘాల్లోని ఎథిక్స్ కమిటీలకే అప్పగించింది. అది నాకు సరిగ్గా అనిపించదు.

ఇంటికొచ్చాక చాలాకాలం నీరసం. మెట్లెక్కితే ఆయాసం, దువ్వితే దువ్వెన నిండా జుట్టు. కాన్యులా పెట్టిన చోట నరాలు గట్టిపడి, జడ వేసుకోవడానికి చేయి పైకెత్తితే నొప్పి. మా అమ్మాయే జడ వేసి, రాగిజావ తాగించి, ఇంజెక్షన్ టైముకి తీసుకెళ్లేది. తీరిక దొరికిన ఆ రోజుల్లోనే మావారితో చాలా మాట్లాడాను, చాలా చదివాను.

2007లో జోకిమ్ లార్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త బృందం మా దగ్గర్లోని పటాన్‌చెరులో ఉన్న ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం గురించి ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 మందుల తయారీ యూనిట్ల నీళ్లు అక్కడికి వచ్చేవి. శుద్ధిచేసి బయటికి వదిలిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగుతున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్లలో బతికిన బ్యాక్టీరియా మందుకి అలవాటుపడిపోతుంది. ఆ నీళ్లు వెళ్లేది ఇసకవాగు, నక్కవాగు, అక్కడి నుంచి మంజీర నదిలోకి. ఆ వాగుల కోసం పటాన్‌చెరు డాక్టరు అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు, చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

నా ఒంట్లోని బ్యాక్టీరియా అక్కడి నుంచే వచ్చిందా అని ఫిజీషియన్‌ని అడిగాను. "ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరమ్మా. నీళ్లు, కోళ్ల ఫారాలు, ఆసుపత్రులు, అనవసరంగా వాడిన మాత్రలు... అన్నీ కలిసే ఇక్కడిదాకా తెచ్చాయి" అన్నారు. యాంటీబయాటిక్ శక్తి ఊరుమ్మడి చెరువు లాంటిది. ఒకరు తూము ఎత్తి వదిలేస్తే అందరి పొలాలూ ఎండుతాయి.

మా వాళ్ల కంపెనీలో ఇప్పుడు వ్యర్థజలం చుక్క కూడా బయటికి పోకూడదనే జీరో డిశ్చార్జ్ పద్ధతి ఉంది. ఆవిరి చేసి, మిగిలిన ఉప్పుని వేరే పంపిస్తారు. దానికి కరెంటు, ఆవిరి ఖర్చు బాగా అవుతుంది. కొనేవాళ్లలో ఎక్కువమంది కిలో ఎంతకి ఇస్తారనే అడుగుతారని, ఈటీపీ (ఫ్యాక్టరీలోని వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) దాకా వచ్చి చూసేవాళ్లు కొద్దిమందే అని మావారు చెప్పారు. ఖర్చు పెట్టినవాడు టెండర్‌లో ఓడిపోయి, వాగులోకి వదిలినవాడు గెలిస్తే ఎవరు మాత్రం ఎన్నాళ్లు నిలబడతారు? అందుకే అందరికీ ఒకే హద్దు కావాలి. 2020 జనవరిలో కేంద్రం తెచ్చిన ముసాయిదాలో ఫ్యాక్టరీ నీళ్లలో ఏ యాంటీబయాటిక్ ఎంతకి మించకూడదో అంకెలతో సహా ఉంది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ అంకెలు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీదే మార్గదర్శకాలు విడుదల చేసింది. ముసాయిదాలో ఉండి తర్వాత పోయిన ఆ హద్దులు మన నిబంధనల్లోకి రావాలి.

నేను స్కూలుకి తిరిగి వెళ్తున్నాను. కిడ్నీ స్కాన్ బాగానే ఉంది. మధ్యలో ఒకసారి మళ్లీ మంటగా అనిపిస్తే మందు కంటే ముందు కల్చర్‌కి ఇచ్చాను, ఏ బ్యాక్టీరియా పెరగలేదు, మందు అవసరం పడలేదు. నర్సింగ్ హోమ్‌కి నా రిపోర్టు కాపీ జతచేసి ఉత్తరం రాశాను. డాక్టరు గారే ఫోన్ చేసి, ఒక ల్యాబ్‌తో మాట్లాడుకున్నామని, జ్వరంతో వచ్చే యూరిన్ కేసులకి ఇకపై మొదటి డోసుకి ముందే శాంపిల్ పంపిస్తామని చెప్పారు. కేస్ షీట్ కాపీ ఇంకా ఇవ్వలేదు, మళ్లీ అడుగుతాను. మావారు వాళ్ల మేనేజ్‌మెంట్‌కి ఒక ప్రతిపాదన పెట్టారు: ఈటీపీలో శుద్ధి అయ్యాక కూడా నీళ్లలో, మిగిలిన ఉప్పులో యాంటీబయాటిక్ ఎంత ఉందో నెలనెలా పరీక్షించి, ఫలితాలు గేటు బయట బోర్డు మీద పెట్టాలని. దాని మీద వచ్చే వారం మీటింగ్ ఉంది.