మూడోవాడి వంతు

పదకొండున్నర దాటింది. అందరూ పడుకున్నారు, నాకు మాత్రం నిద్ర రావట్లేదు. సాయంత్రం అన్నయ్య ఫోన్లో అన్న ఒక్క మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

మా అబ్బాయి చిన్నోడు ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకొస్తాడు. ఈసారి ఫోన్లో కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97, మా చిన్నప్పటి ఫైటింగ్ వీడియో గేమ్. ఆ స్క్రీన్ ఫొటో తీసి అన్నయ్యకి పంపితే రెండు నిమిషాల్లో ఫోన్ చేశాడు. "ఒరేయ్, గుర్తుందా? ఆఖరి ఆట ఎప్పుడూ నీకే వదిలేవాణ్ణి."

వదిలేవాడట! ఊ కొట్టి పెట్టేశాను. వేడి వేడి పునుగులు ముందు పెట్టినా రుచి తెలియలేదు.

ఆ ఆటలో జట్టుకి ముగ్గురు. కానీ ఒకసారి దిగేది ఒక్కడే. ఓడినవాడు వెళ్తే తర్వాతివాడు వస్తాడు. గెలిచినవాడు అక్కడే నిలబడతాడు, పోయిన ప్రాణంలో కొంచెం తిరిగొస్తుంది, అంతే. అవతలి ముగ్గురూ పడితేనే గెలుపు. 94లో మొదటి ఆట వచ్చినప్పుడు జట్లు వాళ్లే కట్టి ఇచ్చారు. 95 నుంచి మనకి నచ్చిన ముగ్గుర్ని మనమే ఏరుకోవచ్చు. అది మా విజయవాడ సత్యనారాయణపురం కుర్రాళ్లకి బాగా కలిసొచ్చింది. వీడియో గేముల షాపులో ఒక్క రూపాయి కాయిన్ వేసి ముగ్గురం ఆడేవాళ్లం, తలా ఒక మనిషి. అన్నయ్యది అర్ధ రూపాయి, వాడి స్నేహితుడిదీ నాదీ చెరో పావలా.

మొదట అన్నయ్య. రెండోది ఆ స్నేహితుడు. మూడోది నేను.

నా బాధ అక్కడే. అన్నయ్య క్యో అనే ఫైటర్ని పట్టుకుంటే అవతలి ముగ్గురినీ ఒక్కడే ఊడ్చేసేవాడు. నా పావలా ఎన్నిసార్లు అలా పోయిందో లెక్కలేదు. వాడి మోచేతి పక్కన నిలబడి చూడటమే నా ఆట. పైగా నాకు ఎప్పుడూ షింగోనే ఇచ్చేవాడు. షింగో 97లోనే కొత్తగా వచ్చాడు, క్యోకి శిష్యుడు. గురువు దెబ్బలు నేర్చుకున్నాడు గానీ చేతిలోంచి నిప్పు రాదు. వాడి కొన్ని దెబ్బల పేర్లలోనే 'ఇంకా పూర్తికానిది' అని ఉంటుంది. క్యో చెయ్యి విసిరితే మంట, షింగో విసిరితే ఉత్త చెయ్యి. నిప్పున్నవాడు అన్నయ్య, నిప్పు లేనివాడు నేను. పదేళ్ల పిల్లాడికి అది చిన్న విషయం కాదు.

ఒక్క ఆదివారం మాత్రం బాగా గుర్తుంది. అప్పటికి అక్కడ రైలు పట్టాలుండేవి, ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డయింది. రైలు వెళ్తుంటే షాపు రేకులు గడగడలాడేవి. గాంధీనగర్ నుంచి వచ్చిన ఒక పెద్ద కుర్రాడు మా మీద ఆడటానికి పక్కన కాయిన్ వేశాడు. వాడి ఫైటర్ ఇయోరి ముందు క్యో పడిపోయాడు, రెండోవాడూ పడిపోయాడు. నా వంతు వచ్చింది. అవతల మిగిలింది ఇయోరి ఒక్కడే, వాడికీ ప్రాణం సన్నగా ఉంది. జాయ్‌స్టిక్‌కి పైన గుండు ఊడిపోయి ఇనప కడ్డీ మిగిలింది, అది అరచేతిలో గుచ్చుకుంటోంది. రెండు దెబ్బలు తగిలించాను. మూడోసారి తిప్పబోతుంటే "జరుగు" అని అన్నయ్య భుజంతో నన్ను నెట్టేసి, కడ్డీ లాక్కుని, పెద్ద దెబ్బ వేసి గెలిచాడు. అందరూ వాడి వీపు చరిచారు. షింగో నావాడే, గెలుపు వాడిది.

ఇదా వదలడం?

ఇక్కడిదాకా రాసి మంచినీళ్లకి లేచాను. చిన్నోడు దుప్పట్లో ఫోన్ వెలుగుతో దొరికిపోయాడు. తిడదామనుకున్నాను గానీ, స్క్రీన్ చూసి ఆగిపోయాను. ఇద్దరు పోయారు, మూడోవాడు దిగాడు, కింద స్టాకులు, అంటే దాచుకున్న బలం, మూడూ అలాగే ఉన్నాయి. ఎందుకు వాడలేదురా అంటే, "ఆఖరివాడికి కావాలి కదా నాన్నా" అన్నాడు, తలెత్తకుండానే.

ఆటలో రెండు పద్ధతులుంటాయి. ఎక్స్‌ట్రాలో బటన్లు నొక్కి పట్టుకుని బలం నింపుకోవాలి. అడ్వాన్స్‌డ్‌లో కొట్టేకొద్దీ నిండి స్టాకు అవుతుంది, మూడుదాకా దాచుకోవచ్చు. మనవాడు పడిపోయినా అవి తర్వాతివాడికి మిగులుతాయి. ఒక్కోటి ఒక్కో పెద్ద దెబ్బ. అన్నయ్య ఎప్పుడూ అడ్వాన్స్‌డే తీసుకునేవాడు.

ఆ ఆదివారం నేను దిగేసరికి కింద మూడు ఉన్నాయి. ఇప్పుడు కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది. లేకపోతే వాడు లాక్కుని వేసిన ఆ దెబ్బ ఎక్కడిది? క్యో చచ్చిపోతుంటే అన్నయ్య ఒక్కటి వాడినా ఇయోరి అక్కడే పడిపోయేవాడు. వాడటం రాక కాదు, ఆ వీధిలో వాడికంటే బాగా తిప్పేవాడు లేడు. స్నేహితుడికి కూడా వాడొద్దని చెప్పే ఉంటాడు. నాకోసమే దాచాడా? మరి దాచిపెట్టినవాడు చివర్లో ఎందుకు లాక్కున్నాడు? నేను తిప్పలేననుకున్నాడా? నిజానికి అప్పుడు నా చెయ్యి వణుకుతోంది, అది కూడా రాయాలి.

ఫోన్ తీసుకుని దిండు కింద పెట్టుకున్నాను, చిన్నోడు మూలుగుతూ అటు తిరిగి పడుకున్నాడు. పొద్దున్నే అన్నయ్యకి చేస్తాను. ముందు స్టాకుల సంగతి అడుగుతాను. ఆ కడ్డీ సంగతి కూడా అడుగుతాను.