అష్టమి చంద్రుడూ, మన నావిగేషన్ సారూ

సంచికకి ఏదైనా రాయమంటే హాస్టలు గురించి, మెస్సు గురించి మనవాళ్ళు ఎలాగూ రాస్తారు, నేను మాత్రం మన నావిగేషన్ సార్ చంద్రుడి సైట్ తీయడం (సెక్స్టెంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో, హొరైజన్ అంటే సముద్రం ఆకాశం కలిసే గీత నుంచి చంద్రుడి ఎత్తు కొలిచి షిప్ ఎక్కడుందో లెక్కకట్టడం) నేర్పిన పద్ధతి గురించే రాస్తాను, షిప్ మీద ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టిన చదువుల్లో అదొకటి.

లెక్క పెద్దదని చాలామంది ఆఫీసర్లు చంద్రుడి జోలికే పోరు. సార్ అస్సలు ఒప్పుకునేవారు కాదు. పగలు సూర్యుడొక్కడితో వచ్చేది ఒక్క పొజిషన్ లైనే (షిప్ దాని మీద ఎక్కడో ఉందని చెప్పే గీత), రెండోదాని కోసం గంటలు ఆగాలి, ఈలోపు కరెంట్ షిప్పుని ఎటు లాగిందో ఎవరికి తెలుసు? అదే అష్టమి దగ్గర్లో అయితే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దాదాపు 90 డిగ్రీలు ఉంటుంది, మామూలుగా రెండు లైన్లూ బాగా అడ్డంగా కోసుకుని అక్కడికక్కడే ఫిక్స్, అంటే షిప్ ఉన్న చోటు, వచ్చేస్తుంది. బహుళ అష్టమికి పొద్దున పడమర వైపు, శుద్ధ అష్టమికి మధ్యాహ్నం దాటాక తూర్పు వైపు చూడమనేవారు.

అసలు కిటుకంతా లింబ్, అంటే చంద్రుడి అంచు, దగ్గరే ఉంది. గుండ్రంగా పూర్తిగా వెలిగిన అంచునే పట్టుకోవాలి, చీకటి వైపు అంచుని ఊహించుకుని తాకించకూడదు. అష్టమి నాడు సూర్యుడు పైన ఉండగా వెలిగేది అప్పర్ లింబే, అంటే చంద్రుణ్ణి హొరైజన్ కిందికి దించి, పై అంచు మాత్రం గీతకి ఆనేలా సెక్స్టెంట్ డ్రమ్ (కోణం సరిచేసే చక్రం) తిప్పాలి. సెక్స్టెంట్‌ని మెల్లగా అటూ ఇటూ ఊపితే చంద్రుడు ఊయలలా ఊగుతాడు, బాగా కిందికొచ్చిన చోట అంచు తాకాలి, అప్పుడే టైమ్ కొట్టాలి. ఒక్క రీడింగ్‌తో సార్ వదిలేవారు కాదు, వరసగా ఐదు తీయించి గ్రాఫ్ వేయించి, వరసలోంచి పక్కకి పోయినదాన్ని కొట్టేయించేవారు.

తర్వాత ఆల్మనాక్, అంటే సూర్యచంద్రుల లెక్కల పట్టికలుండే పుస్తకం. చంద్రుడు మనకి దగ్గర కాబట్టి హారిజాంటల్ పారలాక్స్ (హెచ్.పి., అంటే భూమి మధ్యనుంచి కాక పైనుంచి చూడటం వల్ల కోణంలో వచ్చే తేడా) 54 నుంచి 61 మినిట్స్ (డిగ్రీలో అరవయ్యో వంతులు, టైమ్ కాదు) దాకా పోతుంది, సూర్యుడికైతే 0.15 మాత్రమే. అందుకే మూన్ టేబుల్లో పై భాగం నుంచి ఒక కరెక్షను, కింద హెచ్.పి. చూసి ఇంకొకటి, రెండూ కలపాలి, అప్పర్ లింబ్ అయితే చివర్లో 30 మినిట్స్ తీసేయాలి. అది తీయకపోతే లైన్ ఏకంగా 30 నాటికల్ మైళ్ళు జరిగిపోతుంది! సైట్ ఫారంలో ఆ గడి చుట్టూ సార్ ఎర్ర పెన్నుతో డబ్బా గీయించేవారు, ఆ అలవాటు నాకిప్పటికీ ఉంది.

రాత్రి సైట్ మాత్రం వద్దనేవారు. చంద్రుడి కింద నీళ్ళు మెరిసే చోట హొరైజన్ ఉండాల్సిన చోట కనిపించదు, ఆ దొంగ గీతని నమ్మితే కొలతంతా పోతుంది. సంధ్య వెలుగులో తీస్తే ఆ గొడవుండదు.

ఇప్పుడు జీపీఎస్ ఉంది కదా అంటారు క్యాడెట్లు. సైట్ లెక్క మొత్తం అయ్యేదాకా ఆ స్క్రీన్ చూడొద్దంటాను, ఆ తర్వాతే రెండూ చార్ట్ మీద పక్కపక్కన పెట్టిస్తాను.