విషపు మంచు

ఇండోనేషియాలో, జావా ద్వీపంలోని వొనొసొబొ ఊళ్లో మినీ బస్సు ఎక్కగానే మనసు చివుక్కుమంది. పక్కన కూర్చున్న పెద్దావిడ దగ్గర 20 వేల రుపియా తీసుకున్న కండక్టర్, నా దగ్గర 50 వేలు తీసుకున్నాడు. మన లెక్కలో మూడు వందలు కూడా కావు. అయినా ఆవిడ కళ్లముందే తీసుకోవడం బాధనిపించింది. ఆవిడకీ నచ్చినట్టు లేదు. కాసేపు కండక్టర్ వైపు చూసి, సంచిలోంచి ఓ వేయించిన టెంపె (పులియబెట్టిన సోయా గింజల అచ్చు) ముక్క తీసి నా చేతిలో పెట్టింది. దాంతో కోపం సగం చల్లారింది.

నేను వెళ్తున్న డియెంగ్ పీఠభూమి అక్కడికి 26 కిలోమీటర్లే, గంటకు పైనే పట్టింది. దారంతా ఎక్కుడే. ముందు పోతున్న లారీలో కోళ్ల ఎరువు బస్తాలు. ఆ వాసన తగలగానే నాకు మా వూరు గుర్తొచ్చింది. మాది చిత్తూరు జిల్లాలో వి.కోట వైపు. మా నాయన ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, వేసే రోజుల్లో ఈ ఎరువు వాసన ఇంట్లోకి కూడా వచ్చేది. బయట చూస్తే కొండల మీద అంతా అదే పంట. శిఖరం దాకా, చెట్టన్నది లేకుండా, ఉర్లగడ్డే. 1980ల నుంచి ఈ పంట వచ్చాక అడవి పోయింది, పెంకుటిళ్ల స్థానంలో మేడలొచ్చాయి. ఇప్పుడు వానలకు మట్టంతా కొట్టుకుపోయి సెరాయు నదిలో కలుస్తోంది.

నన్ను కలవరపెట్టింది బోదెలు. వాలుకు అడ్డంగా కాకుండా, కొండ పైనుంచి కిందికి నిట్టనిలువుగా తీశారు. మా నాయన చూస్తే మట్టి నిలుస్తుందా అని కేకలేసేవాడు. అదే మాట నేను దిగిన ఇంటి పెద్దాయన్ని అడిగాను. అడ్డంగా తీస్తే నీళ్లు నిలిచి దుంప కుళ్లిపోతుందన్నాడు. మట్టి పోతోందని ఆయనకీ తెలుసు. ఈ ఏటి పంట పోకూడదు, అంతే.

ఆ ఊరు డియెంగ్ కులొన్. కులొన్ అంటే పడమర. రోడ్డు దాటితే డియెంగ్ వెతాన్, తూర్పు. అది వేరే జిల్లా. 2 వేల మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలున్న గిన్నెలాంటి చోటు. గిన్నె అడుగున అర్జున గుడులు. అర్జున, శ్రీకండి, పుంతదేవ, సెంబద్ర వరసగా, అర్జునకు ఎదురుగా సెమార్, మొత్తం ఐదు చిన్న రాతి గుడులు. శ్రీకండి అంటే శిఖండి, పుంతదేవ అంటే ధర్మరాజు, సెంబద్ర మన సుభద్ర. శివుడికి కట్టిన గుడులివి, ఈ పేర్లు తర్వాతి కాలంలో జనం పెట్టుకున్నవి. ఇక్కడ దొరికిన ఒక శాసనం 809 నాటిది. ఊళ్లో ఇప్పుడు అందరూ ముస్లింలే. అయినా ధర్మరాజు సంగతి పెద్దాయనకు నాకన్నా బాగా తెలుసు.

ఆ ఇంటి వంటింటిని మరిచిపోలేను. చీకటి పడ్డాక అందరూ పొయ్యి చుట్టూ చేరతారు. భుజాల మీద లుంగీ కప్పుకున్న పెద్దాయన, టోపీలు పెట్టుకున్న ఇద్దరు కొడుకులు, పసుపు పిండిలో ముంచి టెంపె వేయిస్తున్న ఆవిడ. మన బజ్జీలాగే ఉంటుంది, లోపల సోయా గింజల అచ్చు. తియ్యటి నల్ల టీ, ఉప్పు చల్లిన ఉర్లగడ్డ ముక్కలు. ఆయన్ని 'పాక్' అని, ఆవిడని 'బు' అని పిలిచాను. నన్ను వాళ్లు 'మాస్' అన్నారు, అన్న అని. మాట్లాడుకోవడానికి ఫోన్‌లో అనువాదం పెట్టుకున్నాం. ఒక్క మాటకు మాత్రం ఫోన్ అవసరం పడలేదు. అది 'హర్గా'. అంటే ధర. మనం అనర్ఘం అంటామే, ఆ అర్ఘమే ఇది. ఆ రాత్రి పొయ్యి దగ్గర ఎన్నిసార్లు విన్నానో. విత్తనం హర్గా, ఎరువు హర్గా, దుంప హర్గా. మా ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే అనిపించింది.

మంచు చూడ్డానికి వచ్చావా అని పాక్ అడిగాడు. అవునన్నాను సంతోషంగా. జులై, ఆగస్టు నెలల్లో ఇక్కడ గడ్డి మీద మంచు గడ్డకడుతుందనే కదా అంత దూరం వెళ్లింది. లంబసింగికి ఒకసారి వెళ్లి, పొగమంచు తప్ప ఏమీ దొరక్క తిరిగొచ్చినవాణ్ణి. ఆయన ఫోన్‌లో ఏమీ టైప్ చెయ్యలేదు. 'బున్ ఉపాస్' అని మెల్లగా అన్నాడు. పెద్ద కొడుకు విడమరిచి చెప్పాడు: బున్ అంటే మంచు, ఉపాస్ అంటే విషం.

నాకు ముఖం చెల్లలేదు. ఆ తర్వాత గమనించాను, పాక్ అరగంటకోసారి లేచి తలుపు తీసి ఆకాశం చూసొస్తున్నాడు. మబ్బు లేదు, గాలి లేదు. చుక్కలు చేతికందేంత దగ్గరగా ఉన్నాయి. అలాంటి రాత్రే చలి కొండల మీదినుంచి జారి గిన్నె అడుగున చేరుతుందట. వాళ్ల మడి గుడులకు దగ్గర్లోనే ఉంది.

తెల్లవారుజామున మసీదులో అజాన్ వినిపించాక బయటికొచ్చాను. గుడుల ముందు పచ్చిక తెల్లగా, ఉప్పు పరిచినట్టుంది. అప్పటికే జనం వచ్చేశారు, ఫోటోలు తీసుకుంటున్నారు. నేనూ రెండు తీసుకున్నాను. అంతలో అవతల మడిలో పైపులు లాగుతూ పాక్, ఆయన కొడుకులు కనిపించారు. ఫోన్ జేబులో పెట్టేసి అటు వెళ్లాను.

ఎండ తగిలేలోపు నీళ్లతో మంచు కడిగేస్తే మొక్క కొంతైనా దక్కుతుందని వాళ్ల ఆశ. చిన్న కొడుకు నా చేతికి పైపు ఇచ్చాడు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. వంగి ఒక ఆకు పట్టుకు చూశాను. అంచుల మీద, ఈనెల మీద గింజలు గింజలుగా మంచు. ఆకు అప్పడంలా బిరుసుగా ఉంది. కొంచెం వంచితే టక్కున విరిగింది. బు కూడా వచ్చి బకెట్‌తో పోస్తోంది. ఎవరూ మాట్లాడలేదు. సగం మడి కూడా తడపకముందే తూర్పు కొండ మీద వెలుగొచ్చింది. వరస వెంట వరస ఎండ మా వైపు నడిచొచ్చింది.

తొమ్మిదింటికి ఆ విరిగిన ఆకున్న మొక్క దగ్గరికి మళ్లీ వెళ్లాను. మరిగే నీళ్లు పోసినట్టు ఆకులన్నీ వాలిపోయి, ముదురు పచ్చగా మారాయి. పదకొండింటికి నల్లబడ్డాయి. మేం తడిపిన వరసల్లో పైన కాస్త చిగురు నిలిచింది. తడపని వైపు ఏమీ మిగల్లేదు.

తర్వాత రెండు రోజులు రంగుల చెరువు, గంధకం పొగలు, అన్నీ చూశాను. ఏదీ సరిగా మనసుకెక్కలేదు.

పైరు నల్లబడిన ఆ మధ్యాహ్నమే గట్టు మీద కూర్చుని మా నాయనకు వీడియో కాల్ చేసి మడి చూపించాను. మా వైపు మంచు పడదు, ఆకుమాడు తెగులు మాత్రం ఆయనకు బాగా తెలుసు. ఒక్క రాత్రిలో మడి నల్లబడటం ఆయన చూశాడు. అయ్యో అనలేదు, ఏ దేశమని అడగలేదు.

"ఎన్నాళ్ల పైరురా?" అన్నాడు.

పాక్‌ని అడిగాను. ఐదు వేళ్లు చూపించి, తర్వాత సున్నా అన్నట్టు గుప్పిట మూసి చూపించాడు. యాభై రోజులు.

నాయన కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "అయితే గడ్డ ఇంకా ఊరుండదు" అన్నాడు. "ఫోన్ ఆయనకియ్యి."

ఇచ్చాను. ఒకరి భాష ఒకరికి రాదు. పాక్ ఫోన్ పట్టుకుని, వంగి ఒక మొక్కను మట్టితో సహా పెకలించి, వేళ్లకున్న గోలీకాయలంత గడ్డల్ని కెమెరా ముందు పెట్టాడు.