కొండెక్కని మెట్ల దీపం

"మెట్ల మీది లైటు కొండెక్కడం లేదు, వచ్చినప్పుడు చూడు" అంది అమ్మ ఫోనులో. ఆమె లెక్కలో నూనె దీపమైనా, ఎల్‌ఈడీ బల్బయినా ఆరిపోదు, కొండెక్కుతుంది. దసరా సెలవులకు తెనాలి వెళ్లిన రాత్రి నేనూ చూశాను. స్విచ్ ఆపినా బల్బులో మిణుగురు పురుగంత వెలుగు మిగిలింది. హాల్లో దేవుడి గూటి పక్క లైటుదీ అదే తంతు. బల్బు చెడిందనుకుని కొత్తది పెట్టాను. అదీ మిణుకుమిణుకుమంటూనే ఉంది.

మా ఇల్లు 1987లో కట్టింది. మెట్ల మీద ఏళ్ల తరబడి 60 వాట్ల ఫిలమెంటు బల్బే ఉండేది. 2015లో చౌకగా ఎల్‌ఈడీ బల్బులిచ్చే ఉజాలా పథకం వచ్చాక వీధిలో అందరితో పాటు మేమూ 9 వాట్ల ఎల్‌ఈడీలకు మారాం. నాకు అప్పుడు గుర్తొచ్చింది, నాన్న దీపావళి ముందు బూజు దులుపుతూ ఆ హోల్డర్ దగ్గర ఒకటి రెండుసార్లు షాక్ తిన్నారు. స్విచ్ ఆపే ఉండేది. "గోడ చెమ్మ పట్టింది" అని సరిపెట్టుకున్నారు.

చెమ్మ కాదని మర్నాడు పొద్దున తేలింది. స్విచ్ ఆపి, బల్బు తీసి, హోల్డర్ పిన్నులకు టెస్టర్ ఆనిస్తే ఎర్రగా వెలిగింది. అంటే స్విచ్ ఆపుతున్నది కరెంటు తెచ్చే ఫేజు వైరును కాదు, దాన్ని తిరిగి తీసుకుపోయే న్యూట్రల్‌ను. లైటు ఆరినట్టు కనిపిస్తున్నా కరెంటు మాత్రం హోల్డర్‌లోనే కూర్చుని ఉంది. పైపులో పక్కపక్కనే సాగే వైర్ల మధ్య నుంచి అతి కొద్దిగా కరెంటు జారుతూ ఉంటుంది. ఫిలమెంటును ఎర్రబరచడానికి అది ఏ మూలకూ చాలదు, ఎల్‌ఈడీ మిణుకుమనడానికి చాలు. పాత బల్బు అన్నేళ్లూ దాచిన తప్పును కొత్త బల్బు బయటపెట్టింది.

ఇక్కడ నేను కాస్త ఎక్కువ ధైర్యం చేశాను. మెయిన్ ఆపి కింది బోర్డు విప్పాను. అలవాటుగా టెస్టర్ పెడితే మళ్లీ వెలిగింది! చేతులు చల్లబడ్డాయి. అప్పుడు వినిపించింది వంటింటి మూల నుంచి ఇన్వర్టర్ కూత. రెండు వేసవుల కింద పెట్టించిన ఆ ఇన్వర్టర్, కరెంటు పోయిందనుకుని లైట్లకూ ఫ్యాన్లకూ తానే సరఫరా చేస్తోంది. స్క్రూడ్రైవర్ కింద పెట్టి, మెయిన్ మళ్లీ వేసి పక్కింటి మావయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన వైర్‌మన్ పర్మిట్ ఉన్న మనిషి, ముప్పై ఏళ్లకు పైగా ఇళ్ల వైరింగ్ చేశారు.

ఆయన ముందు ఇన్వర్టర్ ఆపారు, తర్వాత మెయిన్. టెస్టర్‌ను చేతిలోకి తీసుకుని "దీన్ని నమ్మి ఎక్కువమంది చెడ్డారు అబ్బాయ్" అన్నారు. పాడైన టెస్టర్ కరెంటు ఉన్నా లేదంటుంది, పక్క వైరు నుంచి వచ్చే ఉత్తుత్తి కరెంటుకు ఉందంటుంది. ఆయన సంచిలో ఉన్నది టెస్ట్ ల్యాంపు. హోల్డర్, పాత ఫిలమెంటు బల్బు, రెండు వైర్ల కొసలు, అంతే. మెయిన్ ఆపక ముందే దాన్ని పనిచేస్తున్న ప్లగ్గులో వెలిగించి చూసుకున్నారు. ఆపాక బోర్డులో ప్రతి వైరుకూ పెట్టి చూశారు. ఆ పైనే చెయ్యి వేశారు.

బోర్డు లోపల చూస్తే నవ్వొచ్చింది. ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తింగ్‌కు ఆకుపచ్చ అని నేను చదువుకున్నాను. మా ఇంట్లో అన్నీ ఎరుపే. ఆ రోజు ఏ చుట్ట దొరికితే ఆ చుట్ట లాగేసినట్టున్నారు. విప్పేముందు నేను ఫోనులో ఫొటో తీసుకున్నాను కూడా. ఎర్ర వైర్ల గుంపు ఫొటో ఎవరికి పనికొస్తుంది? మావయ్యగారు తెల్ల టేపు ముక్కల మీద అంకెలు వేసి ఒక్కో వైరుకు చుట్టారు.

మెట్ల లైటుకు కిందొకటి, పైనొకటి టూవే స్విచ్‌లు, ఏ చోటి నుంచైనా వేసి ఆపుకునేవి. ఒక్కోదానికి మూడు పిన్నులు. కింది స్విచ్ మధ్య పిన్నుకు న్యూట్రల్ ఇచ్చారు. పక్క పిన్నుల నుంచి రెండు వైర్లు పైకి వెళ్లి పై స్విచ్ పక్క పిన్నులకు చేరాయి. పై స్విచ్ మధ్య పిన్ను నుంచి ఒక వైరు హోల్డర్‌కు పోయింది. హోల్డర్ రెండో వైరు నేరుగా పై బోర్డులోని ఫేజుకు తగిలించి ఉంది. చేయాల్సింది చిన్నదే. కింద మధ్య పిన్నుకు న్యూట్రల్ తీసి ఫేజు ఇవ్వాలి, పైన హోల్డర్ వైరును ఫేజు నుంచి తీసి న్యూట్రల్‌కు కలపాలి. లైట్లన్నిటికీ ఒకటే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) కాబట్టి ఇది కుదిరింది. పైకీ కిందికీ వేర్వేరు సర్క్యూట్లయితే ఒక చోట ఫేజు, మరో చోట న్యూట్రల్ తీసుకోవద్దని గట్టిగా చెప్పారు. అలా చేస్తే, సర్క్యూటుకో ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో అది పడిపోతూనే ఉంటుందట.

పాత వైరు కొసలు నల్లగా, పెళుసుగా ఉన్నాయి. అంగుళం కత్తిరించి, కొత్తగా ఒలిచి, మెలిపెట్టి పిన్నులో దూర్చి బిగించాలి. ఒలిచేటప్పుడు నేను నాలుగు రాగి పోగులు తెంపేశాను. ఆయన ఏమీ అనకుండా కటింగ్ ప్లేయర్ తీసుకుని మళ్లీ కత్తిరించారు. ఆ మౌనమే బాగా తగిలింది. బిగించాక ప్రతి వైరునూ ఒకసారి లాగి చూశారు, పాలవాడు గేదె పలుపును లాగి చూసినట్టు.

కింది బోర్డు నన్నే బిగించమన్నారు. మెయిన్ వేశాం. లైటు వెలిగింది, కింద ఆపితే ఆరింది. పైకి వెళ్లి స్విచ్ నొక్కాక కింది స్విచ్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఫేజును మధ్య పిన్నుకు కాకుండా పక్క పిన్నుకు పెట్టానని ఆయన విప్పకుండానే చెప్పారు. మళ్లీ ఇన్వర్టర్, మెయిన్, టెస్ట్ ల్యాంపు. ఇంకో అరగంట. ఈసారి రెండు చోట్లా మాట విన్నది. తలుపులు మూసి చీకట్లో చూస్తే బల్బు నిజంగానే కొండెక్కింది. స్విచ్ ఆపి హోల్డర్‌లో చూస్తే కరెంటు లేదు.

హాల్లో లైటు సంగతి వేరు. అక్కడ ఫేజునే ఆపుతోంది, తప్పేమీ లేదు. ఆ స్విచ్‌లో చీకట్లో కనబడటానికి పెట్టిన ఎర్ర ఇండికేటర్ ఉంది. దాని ద్వారా పోయే పిసరంత కరెంటు బల్బు గుండానే వెళ్లాలి, అందుకే ఆ మిణుకు. ఇండికేటర్ లేని స్విచ్ పెడితే పోతుందని, ఐదు నిమిషాల పనని మావయ్యగారు ప్లేటు మీద చెయ్యి వేశారు.

"అది ఉండనివ్వండి అన్నయ్యగారూ" అంది అమ్మ కాఫీ గ్లాసులతో వస్తూ. "రాత్రి మంచినీళ్లకు లేస్తే దారి కనిపిస్తోంది."