ఎవులు సూసినారు? – పాతపట్నం వైపు ఓ గుట్ట మీద సిలువ మార్గం

సిలువ మార్గమంటే ప్రభువు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ, స్థలాలనే పద్నాలుగు చోట్ల ఆగి ప్రార్థిస్తూ నడవడం. పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) తెల్లారగట్ల ఐదున్నరకే గుట్ట కింద చేరాలి. ఎనిమిది దాటితే బండ కాలడం మొదలు. చెప్పుల్లేని కాళ్లకి ఆ తర్వాత ప్రార్థన మీద ధ్యాస నిలవదు. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దాటాక బాట జీడితోటల్లోంచి వెళ్తుంది. ఈ కాలంలో కిందంతా రాలిన జీడిపళ్లే. పులిసిన వాసన సరే, పొరపాటున తొక్కితే జారిపడతారు.

ముందు సిలువ సంగతి. ఏటా తేడా వచ్చేది అక్కడే. నిలువు కర్ర ఎనిమిది అడుగులు, అడ్డం నాలుగున్నర, బాగా ఎండిన సరుగుడు. పచ్చిది తెస్తే సగం దారిలోనే భుజాలు దిగిపోతాయి. అడ్డకర్రని తాడుతో కడితే మూడో స్థలానికే కదులుతుంది. కర్రలు రెండూ సగం మందం చెక్కి, ఒకదాంట్లో ఒకటి దించి, బోల్టు బిగించాలి. భుజం మార్చుకోవడం స్థలం దగ్గర ఆగినప్పుడే, నడకలో వద్దు. నీళ్లు మనిషికి రెండు లీటర్లు. ఉపవాసమంటే నీళ్లు మానడం కాదు, పైగా 59 నిండినవాళ్లకి ఆ ఉపవాస నియమమే లేదు. చెప్పినా వినరు, పదో స్థలం దగ్గర కళ్లు తిరిగి కూలబడేది వాళ్లే.

స్థలాలు పద్నాలుగు. ఆ లెక్క స్థిరపడింది 1731లో, పన్నెండవ క్లెమెంట్ పాపు (పోపు) గారి కాలంలో. మేం నడిచిన గుంపులో ఓ పద్ధతి ఉంది. ప్రతి స్థలం దగ్గరా మోకరించాక, చదువు మొదలెట్టే ముందు ప్రార్థన నడిపించే ఉపదేశి ఒకే మాట అడుగుతాడు: "ఎవులు సూసినారు?" సువార్తలో చోటు చూపించాలి, లేదా "రాయలేదు" అనాలి. కొందరికిది భక్తి తక్కువ ప్రశ్నలా వినిపిస్తుంది. నాకలా అనిపించలేదు. లూకా తన సువార్త ఎత్తుకోవడమే "ఆరంభమునుండి కన్నులార చూచిన" వాళ్లు అప్పగించిన సంగతులని కదా. ప్రభువుని పట్టిచ్చిన యూదా స్థానంలోకి మత్తీయని అపొస్తలుడిగా తీసుకున్నప్పుడూ యోహాను బాప్తిస్మం నాటి నుంచి ఆరోహణం దాకా వెంట ఉన్నవాడై ఉండాలన్నారు, బాగా మాట్లాడేవాడు కావాలనలేదు.

మూడు, ఏడు, తొమ్మిది, అంటే ప్రభువు పడిపోయిన మూడు స్థలాలూ "రాయలేదు". నాలుగో స్థలంలో తల్లి ఎదురుపడటం, ఆరులో వెరోనికమ్మ ముఖం తుడవడం కూడా అంతే. పదమూడోది సగం సగం: సిలువ నుంచి దించింది అరిమతయి యోసేపని ఉంది, తల్లి ఒడిలో పెట్టారని లేదు. 1991లో రెండవ జాన్ పాల్ పాపు గారు పూర్తిగా లేఖనాల్లో ఉన్న స్థలాలతోనే మరో సిలువ మార్గం నడిపారు. అలాగని పాతవాటిని తీసెయ్యక్కర్లేదు. పెద్దలు చెప్పగా విన్నది వేరు, చూసినవాడు చెప్పింది వేరు. ఏది ఏదో తెలిసి మోకరిస్తే చాలు.

ఐదో స్థలం దగ్గర ఎక్కువసేపు ఆగాం. నీడ కోసం కాదు, ఉన్నది ఒక్క తాటిచెట్టే. పల్లె నుంచి వస్తున్న కురేనీయుడైన సీమోనుని సైనికులు పట్టుకుని సిలువ మోయించారని మార్కు రాస్తాడు, అక్కడితో ఆగక ఇతను అలెక్సంద్రుకీ రూఫుకీ తండ్రి అంటాడు. కథకి ఆ కొడుకుల పేర్లతో పని లేదు. వినేవాళ్లకి ఆ ఇద్దరూ తెలుసు గనకే రాశాడని నా నమ్మకం. మన ఊళ్లో "ఫలానావోడి అయ్య" అన్నట్టే. పౌలుది ఇంకా సూటి. క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథీయులకి రాస్తూ, లేచిన ప్రభువుని ఐదొందల మందికి పైగా ఒక్కసారే చూశారనీ, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ అంటాడు. సాక్షి బతికుండగా అబద్ధం రాసేవాడు ఆ మాట అనడు. యోహాను మాత్రం సీమోను ఊసెత్తడు, ప్రభువు తన సిలువ తానే మోసుకుపోయాడంటాడు. సాక్షులందరూ ఒక్క ముక్క కూడా తేడా లేకుండా చెబితేనే అనుమానించాలి.

ప్రభువు ప్రాణం విడిచిన పన్నెండో స్థలం దగ్గర ఉపదేశి అడగకముందే జవాబు వచ్చేసింది. ఈటెపోటు, రక్తం, నీళ్లు చెప్పి, చూసినవాడే సాక్ష్యమిస్తున్నాడని యోహాను సువార్తే అంటుంది.

పద్నాలుగోది, అంటే సమాధి చేసిన స్థలం, ముసలమ్మల చేత చదివించాలి. కుర్రాళ్లకిస్తే ఎండకి తొందరపడి, మార్కు పదిహేనో అధ్యాయం చివరి వచనం వదిలేస్తారు. ఆయన్ని ఎక్కడ ఉంచారో మగ్దలేనే మరియ, యోసే తల్లి మరియ చూశారని మార్కు చెప్పేది ఆ వచనంలోనే. సిలువ దగ్గర దూరం నుంచి చూసినవాళ్లలో ఆ ఇద్దరూ ఉన్నారు, ఆదివారం సుగంధద్రవ్యాలు పట్టుకెళ్లినవాళ్లలోనూ ఉన్నారు. చదువులో ఈ వచనం జారిపోతే, ఆడవాళ్లు చీకట్లో వేరే సమాధికి వెళ్లుంటారన్న మాటకి జవాబుండదు. ఆడదాని సాక్ష్యం చెల్లదని యూదు చరిత్రకారుడు జోసెఫసు రాసిన కాలమది.

"ఎవులు సూసినారు?"

"ఆడోలే."

ఎనిమిదిన్నరకి బోల్టు విప్పి, రెండు కర్రలూ విడివిడిగా దించాం. దిగుడులో సిలువ బిగించి ఉంటే అడ్డకర్ర ముందువాడి మెడకి తగులుతుంది. మధ్యాహ్నం మూడింటికి గుడిలో ఆరాధనకి మళ్లీ బిగించాలి, బోల్టు మాత్రం పోగొట్టుకోకూడదు.