సున్నం ట్యూబు

మొన్న రాత్రి డ్యూటీలో హాలియా వైపు నుంచి ఒక అవ్వ నాలుగేళ్ల మనవడిని ఎత్తుకొచ్చింది. "తమలపాకుల సున్నం ట్యూబు నొక్కిండు సారూ, చిమ్మి కంట్ల వడ్డది." కడిగారా అంటే తడిగుడ్డతో తుడిచారట, అంతే. నల్లగొండ చేరేసరికి గంట దాటింది.

మా జూనియర్ అలవాటుగా చూపు పరీక్షకి సిద్ధమయ్యాడు. మామూలుగా అదే సరైన పద్ధతి. సున్నం కేసులో మాత్రం ముందు నీళ్లు, మిగతావన్నీ తర్వాత. సున్నం క్షారం, కంటి పొరల్లోకి దిగుతూనే ఉంటుంది. చుక్కల మందుతో మొద్దుబార్చి, సెలైన్ ధార పెట్టి అరగంటకు పైగా కడిగాం. పైరెప్ప తిరగేస్తే లోపల పెసరబద్దంత ముద్ద! అది తీయకుండా ఎన్ని సీసాలు పోసినా దండగే. కంట్లో క్షారం ఇంకా ఉందో లేదో చూపే పీహెచ్ పట్టీ 7 దగ్గర, అంటే మామూలు స్థాయిలో, నిలిచాకే నా టెన్షన్ తగ్గింది. (ఇన్నేళ్ల సర్వీసు ఉన్నా పిల్లల ఏడుపు ముందు నేనూ కొత్తవాడినే.)

ఇంటి దగ్గరే బిందెడు మంచినీళ్లతో కడిగి బయల్దేరుంటే సగం పని అక్కడే అయ్యేది.

ఈ రోజు చెకప్‌కి వచ్చారు. వాడు కన్ను తెరిచి నా టార్చ్ లాక్కున్నాడు. అవ్వ నోరు మాత్రం ఎర్రగానే ఉంది.